లైన్ క్లియర్

పోస్టు పేరు జూనియర్ లైన్‌మన్.
కాగితం మీద నేను మొగోన్నే.
ధర్మసాగరం సబ్‌స్టేషన్ రిజిస్టరుల
నా సంతకం పక్కన ఎవలో
పెన్సిలుతోని 'ఉమన్' అని రాసి
మళ్ల తుడిపేసిండ్రు.
తుడిపినా అచ్చు కనవడుతది.

మా ఇంట్ల ఈ మాట నాకన్న ముందే పుట్టింది.
కాజీపేట కేబిన్ల బాపు
రాత్రి డ్యూటీల ఫోను భుజానికి చెవికి నడుమ ఇరికిచ్చుకొని
పక్క స్టేషనాయనతోని అనేటోడు,
"లైన్ క్లియర్."
అంటే, పంపు, బండి రానీయి,
పట్టాలు ఖాళీగున్నయి, నాదీ పూచీ.
నేను సద్దిగిన్నె పట్టుకొని గుమ్మంల నిలవడితే
కొద్ది సేపటికే
పెండ్యాల దిక్కు నుంచి గూడ్సు బండి ఉరుముడు.
మాటతోనే బండ్లు నడుస్తయనుకునేదాన్ని.

బళ్లె నాలుగు గీతల కాపీ ఇచ్చిండ్రు.
లైన్ దాటద్దన్నడు సారు.
నా 'జీ' తోక ఎప్పుడూ
కింది గీత దాటి యాలాడేది.

వేలేరు అమ్మమ్మకు లైనంటే
యూరియా కోసం తెల్లారగట్ల
సొసైటీ ముంగట వరుసగ ఇడిసిన చెప్పులు.
మనిషి ఇంటికాడ, చెప్పులు లైన్ల.
ఒకపారి తెగిన చెప్పు పెట్టొచ్చింది,
దాన్ని ఎవలెత్తుకపోతరని.
పొద్దెక్కినంక పోతే
చెప్పు ఉన్నది,
సంచులు లేవు.

ఐటీఐల మొగిలి అనేటోడు
ఏడాది పొడుగూత నాకు లైనేసిండు.
స్తంభం ఎక్కే పరీక్షల
సగం కాడ కాళ్లు వణికి దిగిండు.
పక్క స్తంభం మీదికెల్లి చూస్తే
వాని నెత్తిన రెండు సుడులు.
రెండు పెండ్లిండ్లయితయంటరు గద,
ఇప్పటిదాంక ఒక్కటీ కాలేదట.

కొలువుల చేరిన మొదటినాడు
ఆపరేటర్ వీరాచారి సారు చెప్పిండు,
"ఎక్కే ముందు లైన్ క్లియర్ తీస్కోవాలె.
అంటే కరెంటు రావద్దు.
నువ్వు దిగి, నీ నోటితోని వాపస్ ఇచ్చేదాంక
దేవుడొచ్చి అడిగినా స్విచ్ ఎయ్య."
నాకు నవ్వొచ్చింది, ఆయనకు కోపమొచ్చింది.
ఎట్ల చెప్పుదు సారు,
మా ఇంట్ల గిదే మాటకు 'రా' అని,
మీ కాడ 'రాకు' అని!

సదానందం అన్నకు మాత్రం
ఈ రెండు అర్థాల నడుమ జాగ చాలలేదు.
గాలికి ఫోను గరగర.
ఆయన మూడో ఫీడర్ అన్నడు,
ఆ కొసకు రెండో ఫీడర్ అని వినవడ్డది.
లైన్ క్లియర్ ఇచ్చిండ్రు.
రెండో దానికి.
ఆయన టోపీ ఇంకా సబ్‌స్టేషన్ మొలకే ఉన్నది,
తియ్యమని ఎవ్వలూ అనరు.

ఆ రాత్రి బాపు శానసేపు పలకలే.
పొద్దుగాల చాయ చల్లారుతుంటే అన్నడు,
"మేం వట్టి మాట నమ్మకపోతుంటిమి బిడ్డా.
లైన్ క్లియర్ తోని ప్రైవేటు నంబర్ ఇస్తుంటిమి.
అటాయన తిరిగి చదవాలె, ఇటాయన రాస్కోవాలె.
నంబర్ లేని లైన్ క్లియర్ వట్టి సోది."
కేబిన్ కూలగొట్టి యేండ్లాయె,
ఆయన వేలు ఇంకా బల్ల మీద
అంకెలు రాస్తనే ఉన్నది.

అప్పటిసంది వీరాచారి సారూ నేనూ
నంబర్లు ఇచ్చుకుంటున్నం.
ఏ రూలుల లేదు.
"మూడో ఫీడర్, నలభై మూడు."
"మూడో ఫీడర్, నలభై మూడు, ఎక్కు."

మొన్న గాలివాన.
స్తంభం మీద నేను, పండ్ల నడుమ టార్చి.
కింద ఊరంత చీకటి, నేనడిగి తెచ్చిన చీకటి.
దూరంగ, చెరువుకు అవతల,
వెలుగు కిటికీలు వరుసగ కదులుతున్నయి.
ఎవలో ఎవలికో
లైన్ క్లియర్ ఇచ్చినట్టున్నది.
తీగె ముడేసే చెయ్యి ఒక్క గడియ ఆగింది.

కిందికెల్లి ఒక ముసలమ్మ కేక,
"ఓ లైనమ్మా, ఇంకెంత సేపే,
కూరల ఉప్పేసిన్నో లేదో కనవడ్తలేదు!"

లైనమ్మ.
రిజిస్టరుల ఆ తుడిపిన జాగ
గీ పేరుకు సరిపోతది.